12,000 లీటర్ల డీజిల్ లోడు, తెల్లారేసరికి 60 లీటర్లు తక్కువ: దొంగతనమా, టెంపరేచరా?

బంకు_మేనేజర్_పల్నాడు | ఏప్రిల్ 18, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఒక తలనొప్పి వచ్చి పడింది, తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

నిన్న మధ్యాహ్నం మూడింటికి డిపోలో మా డీజిల్ ట్యాంకర్ లోడయింది. మూడు చాంబర్లు, ఒక్కోదాంట్లో 4,000 లీటర్లు. చలానా మీద 15 డిగ్రీల దగ్గర డెన్సిటీ (1,000 లీటర్ల బరువు, కిలోల్లో) 825.0 అని ఉంది, లోడింగ్ టెంపరేచర్ 41. రాత్రి గాలివాన. వాగు పొంగి రోడ్డు మీదకి రావడంతో బండి తెల్లారేదాకా దారిలోనే ఆగిపోయింది. పొద్దున ఆరున్నరకి వచ్చింది. సీళ్లు నేనే చూశాను, నేనే తెంపాను. డిప్ రాడ్ (ఆయిల్ ఎంత ఎత్తుకి ఉందో కొలిచే కడ్డీ) వేస్తే ఒక్కో చాంబర్‌లో 20 లీటర్ల దాకా తక్కువ, మొత్తం మీద 60.

ఓనరు గారు డ్రైవర్ జీతంలో కోసేయమంటున్నారు. ఆయన యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా మాకే తోలుతున్నాడు. డిప్ రాడ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "సీలు మీరే తెంపారు కదా సార్" అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు. నాకు చేయి ఆడలేదు. అన్‌లోడింగ్ ఆపించి జార్‌లో శాంపిల్ తీశాను. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్ 810.5 చూపించింది, థర్మామీటర్ 35. ఇందులోంచి ఏమైనా తేలుతుందా?

నిజం_చెప్తా | ఏప్రిల్ 18, ఉదయం 8:25

సీలు ఉన్నంత మాత్రాన ఏమీ కాదండీ. సీలు చెడకుండా తీసేవాళ్లు ఉన్నారు. తీసినంతా కిరోసిన్ పోసి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. 60 లీటర్లంటే మాటలా? ఈసారి వదిలేస్తే వచ్చేసారి 100 పోతుంది.

ద్రవగతి | ఏప్రిల్ 18, ఉదయం 9:05

మేనేజర్ గారూ, కోత పెట్టకండి. ముందు ఈ లెక్క చూడండి. నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పాఠం చెప్తాను. మీరు డెన్సిటీ, టెంపరేచర్ రెండూ రాసిపెట్టారు కాబట్టి ఆ మనిషి బతికిపోయాడు.

ఒక్క డిగ్రీ వేడెక్కితే 1,000 లీటర్ల డీజిల్ సుమారు 0.87 లీటరు ఉబ్బుతుంది. చల్లబడితే అంతే ముడుచుకుంటుంది. 15 డిగ్రీల దగ్గర 825 ఉన్న డీజిల్ 41 డిగ్రీల దగ్గర దాదాపు 806.2 ఉంటుంది. అంటే డిపోలో మీ బండిలోకి ఎక్కిన బరువు 12,000 లీటర్లు × 0.8062 = 9,674 కిలోలు.

అదే సరుకు 35 డిగ్రీలకి దిగితే డెన్సిటీ 810.5 ఉండాలి. మీ జార్‌లో అచ్చంగా అంతే వచ్చింది. 9,674 కిలోలని 0.8105తో భాగించండి, 11,936 లీటర్లు. అంటే 64 లీటర్లు ఎవరూ ముట్టకుండానే తగ్గాయి.

64 అయితే డిప్‌లో 60 ఎందుకు కనిపించిందంటారా? ట్యాంకు కూడా చల్లబడి ముడుచుకుంది కదా. ఉక్కు ఘనపరిమాణం డిగ్రీకి లక్షలో మూడున్నర వంతు మారుతుంది. 12,000 లీటర్ల ట్యాంకుకి 6 డిగ్రీలకి సుమారు రెండున్నర లీటర్లు. గిన్నె చిన్నదైతే అదే సరుకు కాస్త ఎత్తుకి నిలుస్తుంది, అందుకని తరుగు 61, 62 లాగా కనిపిస్తుంది. మూడు చాంబర్లలో డిప్ చదవడంలో మిల్లీమీటరు అటూఇటూ అయినా కొన్ని లీటర్ల తేడా వస్తుంది. మీ 60 దీనికి సరిగ్గా అతుకుతోంది.

నిజం_చెప్తా గారూ, మీ అనుమానాన్నీ ఈ లెక్కలోనే పెట్టి చూద్దాం. ఎవరైనా 60 లీటర్లు తీసి ఉంటే, చలికి తగ్గిన 60తో కలిపి 120 దాకా లోటు కనిపించాలి. తీసిన చోట కిరోసిన్ పోసి ఉంటే ఎంత పోశారన్నదాన్ని బట్టి డెన్సిటీ దిగాలి, ఎందుకంటే కిరోసిన్ డీజిల్ కంటే తేలిక. ఇక్కడ లోటూ అంత లేదు, డెన్సిటీ కూడా చలానాతో కలిసింది. 15 డిగ్రీలకి మార్చి చూసినప్పుడు చలానాకీ మీ జార్‌కీ మధ్య 3 లోపు తేడా ఉంటే సరుకు తీసుకోవచ్చన్నది బంకుల్లో అందరికీ తెలిసిన హద్దే. మీకు తేడాయే రాలేదు.

పాత_ట్యాంకర్_డ్రైవర్ | ఏప్రిల్ 18, ఉదయం 9:40

సార్ లెక్క చెప్పారు, నేను కళ్లతో చూసింది చెప్తాను. ముప్పై ఏళ్లు ట్యాంకర్ తోలాను. మే నెలలో పొద్దున లోడు ఎత్తి మధ్యాహ్నం బంకుకి చేరితే డిప్‌లో గుర్తు దాటి పైకి ఉండేది. ఎక్కువొచ్చినప్పుడు ఒక్కరూ అడగరు. తక్కువొస్తే మాత్రం డ్రైవర్ ముఖం వంకే చూస్తారు.

ట్యాంకర్‌ని నోటిదాకా నింపనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. పైన ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీ లేకపోతే ఎండ కొట్టేసరికి ఆయిల్ ఉబ్బి మూత అంచుల్లోంచి కారుతుంది. ఇంజన్ దగ్గర వేడి, కింద తారు వేడి. అలా కారినదాని మీద నిప్పురవ్వ పడితే ఇక చెప్పేదేముంది.

ఆ పెద్దాయనతో నా మాటగా చెప్పండి మేనేజర్ గారూ, ఈసారి నుంచి లోడింగ్ దగ్గర టెంపరేచర్ అంకె చలానా మీద పడిందో లేదో చూసుకుని బండి కదపమనండి.

బంకు_మేనేజర్_పల్నాడు | ఏప్రిల్ 18, ఉదయం 10:15

ద్రవగతి సార్, మీ లెక్క కాగితం మీద రాసి ఓనరు గారి ముందు పెట్టాను. రెండుసార్లు క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూసుకున్నారు. కోత లేదన్నారు. డ్రైవర్‌కి టిఫిన్ పెట్టించి పంపాం. మీ మేలు మరచిపోలేను సార్.

కెనడా_తెలుగమ్మాయి | ఏప్రిల్ 18, ఉదయం 11:30

ఇది చదివాక ఒక సంగతి చెప్పాలనిపించింది. ఇక్కడ పెట్రోల్ పంపుల మీద "ఘనపరిమాణం 15 డిగ్రీలకి సరిచేయబడింది" అనే అర్థం వచ్చే స్టిక్కర్ ఉంటుంది. పంపు లోపలే టెంపరేచర్ కొలిచి, లీటరు లెక్కని 15 డిగ్రీల లీటరుకి మారుస్తుంది. ఇక్కడి చలికి పెట్రోల్ ముడుచుకుపోతుంది కాబట్టి, సరిచేయకుండా అమ్మితే లీటరులో ఎక్కువ సరుకు వెళ్లి అమ్మేవాళ్లు నష్టపోతారు. మన ఎండల్లో జరిగేది దానికి తలకిందులు, వేడి లీటరులో సరుకు తక్కువ. మన దగ్గర పంపులో ఈ సవరణ లేదు కదా?

డిప్లొమా_ఫైనలియర్ | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 12:20

అయితే తెల్లవారుజామున పెట్రోల్ కొట్టించుకుంటే లాభం అనేది నిజమేనా సార్? మా నాన్న ఎప్పుడూ ఆరింటికే వెళ్తారు.

ద్రవగతి | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 1:00

తమ్ముడూ, పెట్రోల్ డీజిల్ కంటే కాస్త ఎక్కువే ఉబ్బుతుంది, డిగ్రీకి 1,000 లీటర్లకు లీటరుకి దగ్గరగా. కానీ బంకులో ట్యాంకులు నేల లోపల ఉంటాయి. అంత లోతు మట్టిలో పగటికీ రాత్రికీ తేడా దాదాపు తెలియదు. పోనీ రెండు డిగ్రీల తేడా ఉందనే అనుకో, 5 లీటర్లకి 10 మిల్లీలీటర్లు. బంకులో 5 లీటర్ల కొలత డబ్బాతో పంపుని పరీక్షించేటప్పుడు అనుమతించే తేడాయే 25 మిల్లీలీటర్లు. నాన్నగారు క్యూ లేదని వెళ్తుంటే వెళ్లనీ, సరుకు కోసమైతే అక్కర్లేదు.

దీనికంటే బైక్ ట్యాంకు మూతదాకా నింపించుకుని ఎండలో పెట్టడం గురించి చెప్పు ఆయనకి. నేలలోంచి చల్లగా వచ్చిన 13 లీటర్ల పెట్రోల్ ఎండలో ఇంకో 20 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరు ఉబ్బుతుంది. రేకు ట్యాంకు పెరిగేది 9 మిల్లీలీటర్లే. మిగతాది ఎక్కడికి పోవాలి?

కెనడా అమ్మాయి గారూ, అవును, మన రిటైల్ పంపులో ఆ సవరణ లేదు. చలానా, డెన్సిటీ రిజిస్టర్ దాకానే 15 డిగ్రీల లెక్క. కొనేవాళ్లు అడిగితే డెన్సిటీ చూపించాలి, ఆ హక్కు మాత్రం ఉంది.

రైతు_మధిర | ఏప్రిల్ 18, రాత్రి 8:45

మంచి చర్చ అన్నా. నాదొక ట్రాక్టర్ సంగతి. 50 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, పాత మెకానికల్ పంపు. పొద్దున బాగానే లాగుతుంది. మధ్యాహ్నం రోటవేటర్ వేస్తే పికప్ పడిపోయి నల్ల పొగ కక్కుతోంది. డీజిల్ వేడికి ఉబ్బడం వల్లేనా ఇది? డీజిల్ ట్యాంకు మీద చేయి పెడితే కాలుతోంది.

ద్రవగతి | ఏప్రిల్ 18, రాత్రి 9:20

పికప్‌లో కొంత వాటా దానిదే. పాత పంపు ప్రతి స్ట్రోక్‌కీ ఇంత ఘనపరిమాణం అని కొలిచి పంపుతుంది. దానికి బరువు తెలియదు. డీజిల్ 40 నుంచి 65 డిగ్రీలకి వేడెక్కితే అదే కొలతలో బరువు 2 శాతం పైచిలుకు తగ్గుతుంది. పైగా వేడికి పలచబడి పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్ సందుల్లోంచి ఇంకొంచెం జారిపోతుంది. కాబట్టి పవర్ కాస్త తగ్గుతుంది.

కానీ నల్ల పొగ దీనివల్ల రాదు. ఇంధనం తగ్గితే పొగ తగ్గాలి. ఒక్కటి, గాలి కూడా ఉబ్బుతుంది, డీజిల్ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా. 30 డిగ్రీల గాలికీ 42 డిగ్రీల గాలికీ అదే సిలిండర్‌లో 4 శాతం దాకా బరువు తేడా. అంటే మధ్యాహ్నం ఇంజన్‌కి ఊపిరి తక్కువ. అయినా కక్కేంత పొగ రావాలంటే ఇంకేదో ఉంది. ఎయిర్ ఫిల్టర్ చూశారా? అది బాగుంటే నాకు నాజిళ్ల మీదే, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మొనల మీదే అనుమానం. ఇంజెక్టర్ పని చేసేవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఇంజెక్టర్_షాపు_అనంతపురం | ఏప్రిల్ 18, రాత్రి 10:30

నేను చెప్తానన్నా. ఇదే నా పని. గార్లదిన్నెలో ట్రాక్టర్ల ట్రైనింగ్, టెస్టింగ్ సంస్థ ఉంది, కుర్రతనంలో అక్కడే కోర్సు చేసి తర్వాత షాపు పెట్టాను.

నాజిల్ టెస్టర్ అంటే చేతితో కొట్టే లివర్, మీటరు, దాని చివర ఇంజెక్టర్. లివర్ మెల్లగా నొక్కుతుంటే ముల్లు పైకి పోతుంది. పాత ట్రాక్టర్ ఇంజెక్టర్ ఏ 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) దగ్గరో తెరుచుకుంటుంది, కంపెనీని బట్టి అటూఇటూ. మంచి నాజిల్ అయితే ఆ క్షణంలో "కిర్ర్" అని గొంతు విప్పుతుంది. నాలుగు రంధ్రాల నుంచి నాలుగు పొగమంచు తీగలు, నాలుగూ ఒకే మందం. కింద పెట్టిన కాగితం మీద నాలుగు చోట్లా మచ్చ సమానంగా పడుతుంది. లివర్ వదిలాక నాజిల్ మొన పొడిగా ఉండాలి. గుడ్డతో తుడిస్తే గుడ్డకి తడి అంటకూడదు.

అరిగిన నాజిల్ ఇలా ఉండదు. కిర్రు రాదు. ఒక రంధ్రం నుంచి మంచు, ఇంకోదాని నుంచి ధారలాగా. వదిలాక మొన మీద ఒక చుక్క మెల్లగా ఊరి, లావై, వేలాడి, రాలుతుంది. మీ ఇంజన్‌లో కూడా ప్రతిసారీ ఆ చుక్క పిస్టన్ తల మీద పడుతోందనుకోండి. అది కాలేలోపు ఎగ్జాస్ట్ తెరుచుకుంటుంది. సగం మాడి నల్ల పొగ, కాలనిది లైనర్ గోడ మీదుగా జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఒకసారి ఆయిల్ గేజ్ తీసి వాసన చూడండన్నా. డీజిల్ వాసన వస్తే ఇక ఆలస్యం చేయొద్దు.

ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. నాజిల్ కొడుతున్నప్పుడు దాని ముందు చేయి పెట్టకండి. ఆ మంచు మెత్తగా కనిపిస్తుంది కానీ చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి పోతుంది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడు వేలు అడ్డం పెట్టాడు. పైకి చిన్న ఎర్ర చుక్క, నొప్పి కూడా లేదన్నాడు. నేను వినకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. వేలు కోసి లోపల పాకిన డీజిల్ కడిగారు. గంటలు గడిచి ఉంటే వేలు దక్కేది కాదన్నారు. దగ్గర్లో బీడీ కూడా వద్దు. గిన్నెలో ఉన్న డీజిల్‌కి అగ్గిపుల్ల అంటించినా వెంటనే అంటుకోకపోవచ్చు, మంచులా ఉన్న డీజిల్ మాత్రం భగ్గుమంటుంది.

డిప్లొమా_ఫైనలియర్ | ఏప్రిల్ 18, రాత్రి 11:05

అన్నా, అదే డీజిల్ గిన్నెలో అంటుకోకుండా మంచుగా ఉంటే ఎందుకు అంటుకుంటుంది? చుక్క సైజు అంత తేడా చేస్తుందా?

ద్రవగతి | ఏప్రిల్ 19, ఉదయం 6:50

చేస్తుంది తమ్ముడూ, లెక్క వేసి చూడు. రైతు గారి ట్రాక్టర్ ఫుల్ లోడ్‌లో గంటకి 9 లీటర్లు తాగుతుందనుకో. 2,000 ఆర్‌పీఎం, మూడు సిలిండర్లు, రెండు చుట్లకి ఒక ఇంజెక్షన్. గంటకి 1,80,000 ఇంజెక్షన్లు. ఒక్కోదానికి 50 ఘన మిల్లీమీటర్లు. ఒకే చుక్కగా ఉంటే నాలుగున్నర మిల్లీమీటర్ల వ్యాసం, అంటే కందిగింజంత. అంతే ఒకసారికి పడేది.

ఆ కందిగింజని 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కలుగా పగలగొడితే దాదాపు 1 కోటి 20 లక్షల చుక్కలు. ఘనపరిమాణం అంతే, పెరిగింది ఉపరితలం. ఒకే చుక్కకి ఉన్నది ముప్పావు చదరపు సెంటీమీటరు కూడా కాదు, 66 చదరపు మిల్లీమీటర్లు. కోటి చుక్కలకి 150 చదరపు సెంటీమీటర్లు, అరచేయంత. డీజిల్ కాలాలంటే ముందు ఆవిరవ్వాలి, ఆవిరి వచ్చేది ఉపరితలం నుంచే. గిన్నెలో ఆవిరి చాలదు, మంచులో చాలినంత.

సమయం ఇంకా కఠినం. చుక్క ఆవిరైపోవడానికి పట్టే కాలం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 మైక్రాన్లది 60 మైక్రాన్లయితే మూడింతల లావు, ఆవిరవడానికి తొమ్మిదింతల సమయం. 2,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక మిల్లీసెకనులో 12 డిగ్రీలు తిరుగుతుంది. మంచిగా కాలడానికి చేతిలో ఉన్నది రెండు మూడు మిల్లీసెకన్లు. లావు చుక్కకి ఆ టైము చాలదు. రైతు గారి పొగలో మసి దాని మిగులే.

చుక్కల సైజుని సగటు వ్యాసంతో చెప్తే మోసపోతాం. వంద సన్న చుక్కల మధ్య ఒక్క లావు చుక్క ఉన్నా సరుకులో పెద్ద వాటా దానిదే. అందుకే మొత్తం ఘనపరిమాణానికీ మొత్తం ఉపరితలానికీ ఉన్న నిష్పత్తిని పట్టుకుంటారు. దాన్ని సౌటర్ సగటు వ్యాసం అంటారు. మీ సిలబస్‌లో ఉంటుంది, దాటేయకు.

నిజం_చెప్తా | ఏప్రిల్ 19, ఉదయం 7:30

నిన్న డ్రైవర్ మీద తొందరపడి రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడు ఇది చెప్పండి, చుక్క ఎంత సన్నగా ఉంటే అంత మంచిదే కదా? మరి ప్రెషర్ పెంచేస్తే పోలా? కొత్త కామన్ రైల్ బండ్లు (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ పైపు ఉన్నవి) 1,600, 2,000 బార్ కొడుతున్నాయి.

ఇంజెక్టర్_షాపు_అనంతపురం | ఏప్రిల్ 19, ఉదయం 8:00

అలా చేయకండి. పాత ఇంజెక్టర్‌లో వాషర్లు వేసి ప్రెషర్ ఎక్కిస్తే పంపు మీద భారం పడుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. కంపెనీ చెప్పిన ప్రెషరే పెట్టాలి. కామన్ రైల్‌కి పంపు, పైపు, రంధ్రం అన్నీ ఆ ప్రెషర్‌కి తగ్గట్టే చేశారు.

ద్రవగతి | ఏప్రిల్ 19, ఉదయం 8:20

ఇంకో కారణం కూడా ఉంది. చుక్క బరువు వ్యాసం ఘనాన్ని బట్టి పడిపోతుంది, గాలి అడ్డుకోవడం అంత వేగంగా తగ్గదు. కాబట్టి మరీ సన్న చుక్క నాజిల్ దగ్గరే ఆగిపోతుంది. సిలిండర్ అంచున ఉన్న గాలిని చేరుకోలేదు. అక్కడ గాలి వృథా, ఇక్కడ డీజిల్ గుంపు. కామన్ రైల్‌లో రంధ్రాలు సన్నగా చేసినా చుక్కలు దూరం వెళ్తున్నాయంటే వెనక అంత ప్రెషర్ ఉంది కాబట్టే. 200 బార్‌కి ధార సెకనుకి 200 మీటర్ల చిల్లర వేగంతో వస్తే, 1,600 బార్‌కి 600 దాటుతుంది.

రైతు_మధిర | ఏప్రిల్ 19, ఉదయం 9:10

మిర్చికి మందు కొట్టేటప్పుడు మాకు జరిగేది ఇదే అన్నా! ప్రెషర్ పెంచితే పొగలా లేచి పక్కోళ్ల చేలో పడుతుంది, ఆకు అడుగుకి అందదు.

ద్రవగతి | ఏప్రిల్ 19, ఉదయం 9:35

సరిగ్గా అదే. నిలకడ గాలిలో 3 మీటర్ల ఎత్తు నుంచి 400 మైక్రాన్ల చుక్క రెండు సెకన్లలో నేలకి దిగుతుంది. 100 మైక్రాన్లదానికి పది సెకన్లు. 20 మైక్రాన్లదానికి నాలుగు నిమిషాలు. ఎండాకాలం అది అంతసేపు నీటి చుక్కగా కూడా ఉండదు, సెకనులోపే నీరు ఆరిపోయి మందు రేణువు ఒక్కటే గాలిలో తిరుగుతుంది. పీల్చేది మీరే. ముఖానికి మాస్కు లేకుండా కొట్టకండి.

రైతు_మధిర | ఏప్రిల్ 22, సాయంత్రం 6:15

ఇంజెక్టర్ అన్నా చెప్పినట్టు గేజ్ తీసి చూశాను, డీజిల్ వాసన కొట్టింది. ఫిల్టర్ బాగానే ఉంది. ఖమ్మంలో నాజిళ్లు టెస్ట్ చేయించాను. మూడింట్లో రెండు ధార కొడుతున్నాయి, ఒకదాని మొన మీద చుక్క వేలాడటం నా కళ్లతో చూశాను. మూడూ మార్పించి, ఇంజనాయిల్ కొత్తది పోయించాను. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి రోటవేటర్ వేశాను. సైలెన్సర్ దగ్గర సన్న బూడిద రంగు తప్ప పొగ లేదు. పొద్దుటి కంటే లాగుడు ఒక్క పిసరు తక్కువ, అది ఎండ వాటా అని సార్ ముందే చెప్పారు.

బంకు_మేనేజర్_పల్నాడు | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:30

ఇవాళ అదే పెద్దాయన లోడు తెచ్చాడు. తెల్లవారుజామున ఎత్తాడు, చలానాలో 30 డిగ్రీలు. మాకు చేరేసరికి ఎండ ముదిరింది, జార్‌లో 34. డిప్ వేస్తే 40 లీటర్లు ఎక్కువ. ద్రవగతి సార్ పద్ధతిలోనే లెక్కేశాను, 42 రావాలి, ట్యాంకు పెరిగినది తీసేస్తే 40. రిజిస్టర్‌లో లోడింగ్ టెంపరేచర్‌కీ దింపుడు టెంపరేచర్‌కీ రెండు కొత్త గడులు గీశాం. ఈసారి ఓనరు గారే వచ్చి నిచ్చెనెక్కారు. డిప్ రాడ్ డ్రైవర్ చేతికిచ్చి, "నువ్వే చదివి చెప్పు" అన్నారు. ఆయన చదివిన అంకెనే రిజిస్టర్‌లో రాశాను.